నడుము చూడండి, రెక్క చూడండి, గూడు చూడండి: కాగితపు కందిరీగలను గుర్తుపట్టడం, ఫొటో తీయడం

(హైదరాబాద్‌లో ప్రకృతి ఛాయాగ్రాహకుల సమావేశంలో చేసిన ప్రసంగం. రాలేకపోయిన వారి కోసం రికార్డింగు నుంచి రాసి ఇస్తున్నాము.)

మిత్రులారా, అందరికీ నమస్కారం. ఈ పూట మనం మాట్లాడుకోబోయేది కాగితపు కందిరీగల గురించి. ఇంటి చూరు కింద, కిటికీ చట్రం మూలన, నిమ్మచెట్టు కొమ్మకు, నీళ్ల మోటారు పెట్టెలో బూడిద రంగు గూడు కట్టి, దానికి పై తొడుగు ఏమీ లేకుండా గదులన్నీ బయటికే కనిపించేలా వేలాడదీసే కందిరీగలు ఇవి. మీలో చాలామంది వీటిని ఫొటో తీశారు. తీసిన తరువాత నాకు పంపి, ఇది ఏ జాతి అని అడిగారు. ఆ ఫొటోల్లో ఎక్కువ భాగం చాలా అందమైనవి. కానీ వాటిని చూసి జాతి చెప్పడం సాధ్యం కాదు. ఎందుకు సాధ్యం కాదు? ఏ ఫొటో తీసి ఉంటే సాధ్యమయ్యేది? ఈ రెండు ప్రశ్నలకు జవాబు చెప్పడానికే నేను ఇక్కడ నిలబడ్డాను.

ముందుగా ఒక మాట. రంగును పక్కన పెట్టండి. మనకు కందిరీగ కనిపించగానే కంటికి తగిలేది రంగే, పసుపు చారలే, ఎర్ర గోధుమ వన్నెనే. పుస్తకం తెరిచి అదే రంగు బొమ్మ కోసం వెతుకుతాము. కందిరీగల విషయంలో ఈ పద్ధతి పనికిరాదు. ఒకే జాతి రంగు ప్రాంతాన్ని బట్టి మారుతుంది. పోలిస్టిస్ స్టిగ్మా అనే జాతినే తీసుకోండి, దక్షిణాసియా నుంచి ఆస్ట్రేలియా వైపు దాకా విస్తరించిన ఈ జాతిలో ఒక్కో చోట ఒక్కో వన్నె ఉండడం వల్లనే శాస్త్రజ్ఞులు దానిని అనేక ఉపజాతులుగా విడదీశారు. దానికి తోడు మన కెమెరా చేసే మార్పు ఒకటి ఉంది. పచ్చని ఆకుల నీడలో తీసిన ఫొటోలో పసుపు కాస్తా ఆకుపచ్చ కలిసిన పసుపు అవుతుంది, సాయంకాలపు ఎండలో తీస్తే గోధుమ రంగు ఎరుపెక్కుతుంది. ఇంతకన్నా పెద్ద చిక్కు మరొకటి ఉంది. కుట్టే పురుగు రంగును కుట్టని పురుగులు కూడా వేసుకుంటాయి. పూల మీద వాలే సిర్ఫిడ్ ఈగలు, కొన్ని చిమ్మటలు, చివరికి మాంటిస్పిడ్ అనే కీటకాలు కొన్ని, పసుపు నలుపు వేషం వేసుకొని పక్షుల నుంచి తప్పించుకుంటాయి. రంగును నమ్మితే పక్షి మోసపోయినట్టే మనమూ మోసపోతాము. మరి దేనిని నమ్మాలి? ఆకారాన్ని నమ్మాలి. రెక్కను, నడుమును, గూటిని నమ్మాలి.

రెక్కతో మొదలుపెడదాము. వాలి ఉన్న కందిరీగ రెక్కను జాగ్రత్తగా చూడండి. వెనక కూర్చున్నవారికి తెర స్పష్టంగా కనిపిస్తున్నదా? కనిపించకపోతే ముందు వరుసలో ఖాళీలు ఉన్నాయి, రండి. ఈ చిత్రంలో రెక్క ఒక సన్నని పుల్లలాగా ఉంది కదా? ఇది నిజానికి వెడల్పాటి రెక్కే. వెస్పిడే కుటుంబానికి చెందిన కందిరీగలు, ఒకటి రెండు చిన్న ఉపకుటుంబాలు తప్ప, వాలినప్పుడు ముందు రెక్కను పొడవునా మధ్యకు మడుస్తాయి. ఆ మడత కనిపించిందంటే మీరు చూస్తున్నది వెస్పిడే కుటుంబమేనని దాదాపు నిశ్చయంగా చెప్పవచ్చు. మన ఇళ్లలో గోడలకు, తలుపు మూలలకు మట్టి గూళ్లు కట్టే స్కెలిఫ్రాన్ మద్రాస్‌పతానం అనే కందిరీగ ఉన్నది, పొడవాటి సన్నని నడుముతో, నలుపు పసుపు రంగులతో తిరుగుతుంది. చాలామంది దానిని కాగితపు కందిరీగ అనుకుంటారు. దాని రెక్క మడత పడదు, పరిచిన రేకులాగే ఉంటుంది. ఆ ఒక్క తేడా చాలు. ఇక సిర్ఫిడ్ ఈగకు ఉన్నది ఒకటే జత రెక్కలు, మీసాలు చాలా పొట్టివి, కళ్లు తలంతా ఆక్రమించి ఉంటాయి. కందిరీగ కన్ను అలా కాదు. ముందు నుంచి చూస్తే దాని లోపలి అంచు నొక్కుపడి, చిక్కుడు గింజ ఆకారంలో ఉంటుంది. ఈ నొక్కు కూడా వెస్పిడే కుటుంబానికి మంచి గుర్తు.

కుటుంబం తేలింది. అయితే అదే కుటుంబంలో వేరే ఉపకుటుంబాలు కూడా ఉన్నాయి. మట్టితో చిన్న కుండలు కట్టే ఒంటరి కందిరీగలు ఉన్నాయి, పెద్ద కణుజులు, అంటే హార్నెట్ అనే పెద్ద కందిరీగలు ఉన్నాయి. కాగితపు కందిరీగలు పోలిస్టినే అనే ఉపకుటుంబం. మన తెలుగు నేల మీద రోజూ కనిపించే కాగితపు కందిరీగలు ముఖ్యంగా రెండు ప్రజాతులవి, అంటే దగ్గరి చుట్టరికం ఉన్న జాతుల రెండు గుంపులవి. ఒకటి పోలిస్టిస్, రెండవది రోపాలిడియా. ఈ రెండింటినీ విడదీయడం నేర్చుకుంటే మీ పని సగం అయిపోయినట్టే. విడదీసేది నడుము.

నడుము అన్నప్పుడు నా ఉద్దేశం వక్షానికి, ఉదరానికి మధ్య ఉండే ఆ సన్నని భాగం, దాని వెంట వచ్చే ఉదరపు మొదటి ఖండం. పోలిస్టిస్‌లో ఈ మొదటి ఖండం మొదట్లో సన్నగా ఉండి క్రమంగా, ఎక్కడా ఆగకుండా వెడల్పు అవుతుంది. పక్క నుంచి చూస్తే ఉదరం మొత్తం రెండు చివరలూ కోసుగా ఉండే ఒకే నునుపైన గీతలా సాగిపోతుంది. రోపాలిడియాలో అలా కాదు. మొదటి ఖండం సన్నని కాడగా బయలుదేరి, చివరికి వచ్చేసరికి ఉబ్బుతుంది, మళ్లీ నొక్కు పడుతుంది, ఆ నొక్కు తరువాత రెండవ ఖండం ఒక్కసారిగా గుండ్రంగా, పెద్దదిగా తెరుచుకుంటుంది. మిగిలిన ఖండాలు చాలాసార్లు ఆ రెండవ ఖండం లోపలికే ముడుచుకొని ఉంటాయి, అందువల్ల ఉదరం పొట్టిగా, గుండ్రంగా కనిపిస్తుంది. ఒకటి నునుపుగా సాగే గీత, మరొకటి నొక్కుపడిన గీత. ఈ తేడాను పై నుంచి తీసిన ఫొటోలో చూడడం కష్టం, ముందు నుంచి తీసిన ఫొటోలో చూడడం అసాధ్యం. పక్క నుంచి తీయాలి. నాకు వచ్చే ఫొటోల్లో పది మందిలో తొమ్మిది మంది కందిరీగ ముఖాన్ని ఎదురుగా తీస్తారని నేను గట్టిగా చెప్పగలను, ఎందుకంటే ముఖం అందంగా ఉంటుంది. అందమైన ముఖాన్ని తీయండి, వద్దనను. కానీ దానికి ముందు నడుమును తీయండి.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. మట్టి కుండలు కట్టే కందిరీగల్లో డెల్టా అనే ప్రజాతికి కూడా సన్నని పొడవాటి నడుము ఉంటుంది, తొందరలో చూస్తే రోపాలిడియా అనిపిస్తుంది. దాని దవడలు చూడండి. అవి పొడవుగా, ముందుకు ముక్కులాగా పొడుచుకొని వస్తాయి. కాగితపు కందిరీగ దవడలు పొట్టివి, నార గీరడానికి, నమలడానికి సరిపోయేవి. పైగా డెల్టా ఒంటరిది. ఒక ఆడది కుండ కట్టి, అందులో గొంగళి పురుగులను నింపి, మూత వేసి వెళ్లిపోతుంది.

ఇక గూడు. గూడు కనిపించిందంటే సందేహానికి ఎక్కువ తావు ఉండదు. కందిరీగ ఎండకు ఎండి, వానకు తడిసి బూడిద రంగుకు మారిన కొయ్యను గీరి, ఆ నారను ఉమ్మితో నమిలి, పలుచని కాగితంగా పరుస్తుంది. ఐరోపాలో పాత గుడ్డపీలికలతో మాత్రమే కాగితం తయారవుతున్న రోజుల్లో, 1719లో, రియోమ్యూర్ అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు ఈ కందిరీగలను చూపి, చెక్కతో కూడా కాగితం చేయవచ్చు కదా అని పారిస్‌లోని రాజ విజ్ఞాన అకాడమీ ముందు ప్రస్తావించాడు. మనిషి ఆ దారి పట్టడానికి చాలా కాలం పట్టింది.

పోలిస్టిస్ గూడు సాధారణంగా ఒకే వరుస గదుల పలక, ఒక కాడకు వేలాడుతుంది, తలకిందులు చేసిన తామర కాయ లాగా ఉంటుంది. గదులన్నీ కిందికి తెరిచి ఉంటాయి. రోపాలిడియా మార్జినేటా అనే జాతి మన దక్షిణ భారతంలో అత్యంత సాధారణమైనది. దాని గదులు చిన్నవి, గూడు ఎక్కువగా ఇరుకైన దారి ఉన్న మరుగు చోట్లలో, అంటే కిటికీ చట్రాల సందుల్లో, గోడ పగుళ్లలో, వాడని పెట్టెల్లో ఉంటుంది. కందిరీగ ఎర్ర గోధుమ రంగులో ఉండి, ఉదరం రెండవ ఖండం వెనక అంచున పసుపు పట్టీ కనిపిస్తుంది. రోపాలిడియా సయాథిఫార్మిస్ అనే మరొక జాతి కూడా మన వైపు ఉన్నది. అది ఒకే గూటిలో విడివిడిగా రెండు మూడు పలకలు వేలాడదీయడం తరచుగా చూస్తాము. పొదల్లో వేలాడే చిన్న తేనెటీగల పట్టును చూసి కూడా కందిరీగ గూడు అని భయపడేవారు ఉన్నారు. ఆ పట్టు మైనంతో కట్టినది, నిలువుగా దిగుతుంది, రెండు వైపులా గదులు ఉంటాయి, దాని మీద తేనెటీగలు తెరలా కప్పుకొని ఉంటాయి. కందిరీగ గూటికి ఒకే వైపు గదులు, కింది వైపే. ఇక పెద్ద కణుజుల గూడు పూర్తిగా కాగితపు తొడుగు లోపల ఉంటుంది, బయటికి ఒక ద్వారం మాత్రమే కనిపిస్తుంది. లోపలి గదులు కనిపించని కాగితపు బంతి చెట్టుకు వేలాడుతుంటే దగ్గరకు పోకండి. అది మన ఈనాటి విషయం కాదు, మన కెమెరాలకు తగిన దూరమూ కాదు.

గూటి కాడను ప్రత్యేకంగా ఫొటో తీయమని అడుగుతాను. ఎందుకు? గూటికి పెద్ద శత్రువు చీమ. చీమ పైకి రావాలంటే ఆ కాడ మీదుగానే రావాలి. అందుకే కందిరీగ తన ఉదరం అడుగు భాగాన్ని ఆ కాడకు పదే పదే రుద్దుతుంది. ఉదరం చివర ఉన్న ఒక గ్రంథి నుంచి వచ్చే స్రావం చీమలను దూరంగా ఉంచుతుంది. కాడ నల్లగా, మెరుస్తూ కనిపించడానికి కారణం ఇలాంటి పూతలే. ఈ రుద్దడం కొన్ని సెకన్ల పని. ఓపిక ఉన్నవారికే ఆ ఫొటో దొరుకుతుంది.

గదుల లోపలికి కూడా చూడండి. కింది నుంచి, కాస్త దూరంగా, సన్నని వెలుగుతో. ఒక గదిలో గోడకు అంటుకున్న తెల్లని గుడ్డు, పక్క గదిలో తల కిందికి పెట్టుకొని నోరు తెరిచి ఉన్న పిల్ల పురుగు, మరొక గదికి పట్టుతో నేసిన తెల్లని మూత కనిపిస్తాయి. మూత వేసిన గది లోపల రెక్కలు రావలసిన కందిరీగ ఉన్నట్టు. చలిదేశాల్లో పోలిస్టిస్ గూళ్లు ఏటా వసంతంలో మొదలై శరదృతువుకు ముగుస్తాయి. మన రోపాలిడియా మార్జినేటా అలా కాదు, ఏడాది పొడవునా ఏ నెలలోనైనా కొత్త గూళ్లు మొదలవుతాయి, పాత గూళ్లు కొనసాగుతాయి. కాబట్టి ఒకే రోజు, ఒకే వీధిలో మీకు అన్ని దశలూ దొరకవచ్చు. ఇది మన ప్రాంతపు ఛాయాగ్రాహకులకు దొరికిన వరం.

ఇప్పుడు అందరూ అడిగే ప్రశ్న. ఈ గూటిలో రాణి ఏది? ఫొటో చూసి చెప్పగలరా? చెప్పలేము. రోపాలిడియా మార్జినేటాలో రాణికి, పని చేసే ఆడవాటికి రూపంలో తేడా లేదు. బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థలో రాఘవేంద్ర గడగ్కర్, ఆయన సహచరులు కొన్ని దశాబ్దాలుగా ఈ జాతినే అధ్యయనం చేస్తున్నారు. ఒక్కో కందిరీగ మీద ఒక్కో రంగు చుక్క పెట్టి, గంటల తరబడి గూటి ముందు కూర్చొని, ఎవరు ఏమి చేస్తున్నారో రాసుకున్నారు. వారి లెక్కల్లో కందిరీగలు మూడు తీరులుగా విడిపోయాయి. కూర్చునేవి, కలబడేవి, మేతకు వెళ్లేవి. రాణి కలబడేవాటిలో ఉంటుందని మనం అనుకుంటాము కదా? లేదు. ఈ జాతి రాణి చాలా నెమ్మదైనది, కూర్చునేవాటిలోనే ఉంటుంది. తన ఉనికిని రసాయన సంకేతంతో గూటికి తెలియజేస్తుంది. రాణిని తీసివేసిన కొద్ది నిమిషాల్లోనే మరొక ఆడది విపరీతమైన దూకుడు చూపడం మొదలుపెడుతుంది, తరువాతి రాణి అదే అవుతుంది, రాణి అయ్యాక తానూ నెమ్మదిస్తుంది. ఈ సంగతి తెలిసిన తరువాత, గూటి మీద కదలకుండా కూర్చున్న కందిరీగను ఏమీ చేయడం లేదులే అని మన కెమెరా దాటిపోదు.

మగవాటిని మాత్రం ఫొటోలో గుర్తుపట్టవచ్చు. మగవాటి మీసాలకు 13 ఖండాలు ఉంటాయి, ఆడవాటికి 12. పోలిస్టిస్ మగవాటి మీసాల కొనలు వంకర తిరిగి ఉంటాయి, ముఖం తరచుగా లేత పసుపు. మగవాటికి ముల్లు లేదు, అవి కుట్టలేవు. అయితే దయచేసి ఈ ఒక్క మాట నమ్మి వేలితో పట్టుకోకండి.

ముఖం సంగతి వచ్చింది కాబట్టి ఒక విషయం. ఉత్తర అమెరికాలోని పోలిస్టిస్ ఫస్కాటస్ అనే జాతిలో ఒక్కో కందిరీగ ముఖం మీద గుర్తులు ఒక్కో తీరుగా ఉంటాయని, వాటిని బట్టి అవి ఒకదానినొకటి విడిగా గుర్తుపడతాయని ఎలిజబెత్ టిబెట్స్ అనే పరిశోధకురాలు 2002లో చూపారు. ముఖం మీద రంగు పూసి గుర్తులు మారిస్తే, గూటిలోని తోటివే దానిని కొత్తదానిలా చూసి ఎదిరించాయి. అందువల్ల ముఖం ఫొటోను నేను తక్కువ చేయడం లేదు. నడుము ఫొటో తరువాత తీయండి అంటున్నాను, అంతే.

దగ్గరకు వెళ్లడం

ఇక ఫొటో తీయడం. కందిరీగల తుట్టెను కదిపినట్టు అని మనం మాట్లాడుకునే మాట ఊరికే పుట్టలేదు. కందిరీగ ముల్లు తేనెటీగ ముల్లులాగా శరీరంలో ఇరుక్కుపోదు, అది మళ్లీ మళ్లీ కుట్టగలదు. అయితే కందిరీగ ఎక్కడ కుడుతుంది? గూటి దగ్గర కుడుతుంది. గూటికి దూరంగా, తన పని మీద ఉన్న కందిరీగకు మీతో పని లేదు. అందుకే కొత్తవారికి నేను ఇచ్చే సలహా, గూటి దగ్గర మొదలుపెట్టకండి. పాత కంచె గుంజ దగ్గర మొదలుపెట్టండి.

ఎండి బూడిద రంగు తేలిన వెదురు కర్ర, రంగు వేయని పాత తలుపు, సర్వి (సరుగుడు) గుంజ. వీటి మీద ఎండపొద్దున చెక్కను గీరుతున్న కందిరీగ కనిపిస్తుంది. తల దించి, మీసాలు వెనక్కి వంచి, అడుగులో అడుగు వేస్తూ వెనక్కి నడుస్తుంది. చాలా నిశ్శబ్దంగా ఉంటే గీరే చప్పుడు వినబడుతుంది. అది గీరిన చోట సన్నని లేత రంగు చార మిగులుతుంది, గడ్డం కింద తడి నార ఉండ పెరుగుతూ ఉంటుంది. ఈ సమయంలో మీరు దానికి పక్కగా మోకాళ్ల మీద కూర్చొని రెక్క మడత, నడుము నొక్కు, దవడ, మీసం అన్నీ తీసుకోవచ్చు. అది ఆ ఉండను తీసుకుపోయి గది అంచుకు ఒక పట్టీగా అతుకుతుంది. గూటి గోడను దగ్గరగా చూస్తే ముదురు, లేత పట్టీలు ఒకదాని పక్కన ఒకటి కనిపిస్తాయి. ఒక్కో పట్టీ ఒక్కో ఉండ, ఒక్కో రకం కొయ్య నుంచి తెచ్చినది.

రెండవ చోటు నీరు. మండువేసవిలో కుళాయి కింద తడి మట్టి దగ్గర, చెరువు అంచున, పశువుల తొట్టి దగ్గర కందిరీగలు వచ్చి నీరు పీల్చుకుంటాయి. ఆ నీటిని గూటి మీద పలుచగా పరిచి, రెక్కలతో విసిరి గూటిని చల్లబరుస్తాయి. వానలో గూడు తడిస్తే ఆ నీటినే నోటితో పీల్చి బయటికి ఉమ్ముతాయి. నోటి దగ్గర మెరిసే ఆ బొట్టు ఫొటో ఎంత మంచిదో మీకు చెప్పనవసరం లేదు.

ఇప్పుడు గూటి దగ్గరకు వద్దాము. మూడు మీటర్ల దూరంలో ఆగి కొంచెంసేపు చూడండి. కందిరీగలు తమ పని చేసుకుంటున్నాయా? గదుల్లో తల పెట్టి పురుగులకు తినిపిస్తున్నాయా? అయితే మరొక అడుగు వేయవచ్చు. మళ్లీ ఆగండి. పని మాని అన్నీ మీ వైపు తిరిగాయా? రెక్కలు పైకెత్తి పక్కలకు విప్పాయా? ముందు కాళ్లు పైకి లేపాయా? ఉదరం కిందికి వంచాయా? ఇవన్నీ హెచ్చరికలు, ఒకదాని తరువాత ఒకటి వస్తాయి. మొదటి హెచ్చరిక దగ్గరే నెమ్మదిగా వెనక్కి రావాలి. ఫొటో కోసం రెండవ హెచ్చరిక దాకా ఆగేవారు ఉన్నారు. ఆ ఫొటోలు నేను చూశాను. ఉగ్రంగా ఉన్నాయని వాటిని మెచ్చుకుంటారు. నాకు మాత్రం అందులో కందిరీగ జీవితం ఏమీ కనిపించదు. రెక్కలెత్తి నిలబడ్డ కందిరీగ ఏ జాతిదైనా ఒక్కలాగే ఉంటుంది. రెక్క మడత పోతుంది, నడుము దాగిపోతుంది. పురుగుకు తినిపించే కందిరీగ, గొంగళి పురుగు మాంసపు ఉండను పక్కవారితో పంచుకునే కందిరీగ, కాడకు ఉదరం రుద్దే కందిరీగ, ఇవన్నీ కలవరం లేనప్పుడే దొరుకుతాయి. గుర్తుపట్టడానికి పనికివచ్చే ఫొటో, జీవితాన్ని చూపే ఫొటో, ప్రమాదం లేని ఫొటో, మూడింటికీ దూరం ఒకటే.

కందిరీగలను కలవరపెట్టేది ఫ్లాష్ వెలుగు కన్నా కదలిక, కుదుపు, ఊపిరి. గూడున్న కొమ్మను తాకకండి, అడ్డు వచ్చిందని పక్క రెమ్మను విరవకండి, ఆ కుదుపు గూటికి చేరుతుంది. గూటి ముందు తిన్నగా నిలబడి ఊపిరి వదలకండి, మీ మీదుగా గాలి గూటి వైపు వీచే చోట నిలబడకండి. అత్తరు పూసుకొని రాకండి. నీళ్లు చల్లి, చల్లబరచి, మత్తుగా చేసి ఫొటో తీసే పద్ధతులు కొందరు చెబుతారు. దయచేసి వాటి జోలికి పోకండి. చల్లని కందిరీగలే కావాలంటే డిసెంబరు, జనవరి నెలల్లో తెల్లవారుజామున వెళ్లండి, అప్పుడు అవి సహజంగానే మందంగా ఉంటాయి, పైగా అన్నీ గూటి మీదే ఉంటాయి కాబట్టి సంఖ్య కూడా లెక్కపెట్టవచ్చు.

ఒక్క మాట, ఇది అందరూ వినాలి. మీకు ఇంతకుముందు కందిరీగ గాని తేనెటీగ గాని కుట్టినప్పుడు ఒళ్లంతా దద్దుర్లు వచ్చి, ఊపిరి అందక, కళ్లు తిరిగి ఉంటే, మీరు గూటి దగ్గరకు రాకూడదు. కుట్టిన తరువాత అటువంటి లక్షణాలు ఎవరికి కనిపించినా ఇంటి వైద్యం చేస్తూ కూర్చోకండి, వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవాలి. అక్కడ అడ్రినలిన్ సూది ఇస్తారు. నిమిషాలు విలువైనవి. ఒంటరిగా కూడా వెళ్లకండి.

పరికరాల గురించి ఎక్కువ చెప్పను. 100 మిల్లీమీటర్ల మాక్రో లెన్సు మంచిదే, కానీ పూర్తి నిజ పరిమాణంలో, అంటే కెమెరా సెన్సారు మీద పురుగు దాని అసలు సైజులోనే పడేలా తీయాలంటే లెన్సు ముందు జానెడు చోటు కూడా మిగలదు. కంచె గుంజ దగ్గర అది సరిపోతుంది, గూటి దగ్గర సరిపోదు. గూటికి 300 మిల్లీమీటర్ల టెలి లెన్సు, దానికి ఎక్స్‌టెన్షన్ ట్యూబ్ గాని క్లోజప్ లెన్సు గాని తగిలించి దూరం నుంచే తీయండి. ఫోకస్‌లో ఉండే మందం గురించి మాత్రం లెక్క తెలిసి ఉండాలి. ఫుల్ ఫ్రేమ్ కెమెరాతో నిజ పరిమాణంలో, లెన్సు రంధ్రం ఎఫ్ 11 దగ్గర ఉంచితే, స్పష్టంగా వచ్చేది ఒక మిల్లీమీటరుకు కాస్త ఎక్కువ. పరిమాణం సగానికి తగ్గిస్తే అది సుమారు 4 మిల్లీమీటర్లు అవుతుంది. చూశారా, ఎంత తేడా? కాబట్టి కందిరీగను ఫ్రేము నిండా నింపాలనే కోరిక తగ్గించుకోండి. కొంచెం దూరంగా తీసి తరువాత కత్తిరించుకుంటే కన్ను, నడుము, రెక్క మూడూ స్పష్టంగా ఉంటాయి. సెన్సారు కందిరీగ పక్కకు సమాంతరంగా ఉండాలి, ఇది మాత్రం మరవకండి. ఎఫ్ 16 దాటి బిగిస్తే మందం పెరుగుతుంది కానీ చిత్రం మొత్తం మెత్తబడుతుంది.

కందిరీగ పై పెంకు నునుపైనది. నేరుగా ఫ్లాష్ వేస్తే దాని మీద తెల్లని మచ్చ పడి, మీరు చూడవలసిన పసుపు పట్టీయే మాయమవుతుంది. ఫ్లాష్‌కు వెలుగును మెత్తబరిచే వెడల్పాటి తెల్లని డిఫ్యూజర్ కట్టండి, వీలైనంత దగ్గరగా పెట్టండి. రా ఫైలులోనే, అంటే కెమెరా మార్చని ముడి ఫైలులోనే తీయండి, ఎందుకంటే ఆకుల నీడ పచ్చదనాన్ని తరువాత సరిచేయవలసి వస్తుంది.

పెద్దగా చేసి చూసినప్పుడు ఉదరం పలకల సందుల్లో గోధుమ రంగు చిన్న బొడిపెలు కనిపిస్తే దుమ్ము అనుకొని కంప్యూటరులో తుడిచివేయకండి. అవి స్ట్రెప్సిప్టెరా అనే పరాన్నజీవులు కావచ్చు. వాటి ఆడది కందిరీగ శరీరం లోపలే జీవితమంతా గడుపుతుంది, ముందు భాగం మాత్రం అలా బయటికి పెడుతుంది. ఐరోపాలోని పోలిస్టిస్ డొమినులాలో, ఇవి పట్టిన కందిరీగలు గూటి పని మానేసి, గూటిని విడిచి ఒకచోట గుంపుగా చేరతాయని పరిశోధకులు గమనించారు. మీరు తుడిచిన మచ్చ ఆ ఫొటోలో అన్నిటికన్నా విలువైన సమాచారం కావచ్చు.

మరొక అపురూపమైన దృశ్యం గురించి చెప్పి ముందుకు పోతాను. వెస్పా ట్రాపికా అనే పెద్ద కణుజు, నల్లని ఒంటి మీద ఉదరం ముందు భాగాన వెడల్పాటి పసుపు పట్టీ ఉంటుంది, ఈ కాగితపు గూళ్ల మీద దాడి చేస్తుంది. అది వచ్చినప్పుడు రోపాలిడియా ఎదిరించదు, గూడు వదిలి పక్క ఆకుల మీదికి పోతుంది. కణుజు గదులు చీల్చి పురుగులను ఎత్తుకుపోతుంది. బెంగళూరు పరిశోధనశాలలో గూళ్లను ఉంచిన గదికి, చిన్న కందిరీగలు పోయేంత, ఈ కణుజు పట్టనంత కంతలున్న వల బిగించారంటే దీని బెడద ఎంతటిదో ఊహించండి. అలాంటి దాడి కనిపిస్తే కణుజును తరమకండి, దూరం నుంచి వరుసగా ఫొటోలు తీయండి.

ఇంటికి వచ్చిన తరువాత

ఒక్కో కందిరీగకు పక్క నుంచి ఒకటి, పై నుంచి ఒకటి, ముఖం ఒకటి, గూడుంటే కాడ కనిపించేలా పక్క నుంచి ఒకటి, గదులు కనిపించేలా కింది నుంచి ఒకటి ఉంటే చాలు. కందిరీగ పొడవు తెలియడానికి పక్కన స్కేలు పెట్టనవసరం లేదు. అది ఎగిరిపోయిన తరువాత అదే ఫోకస్‌లో, లెన్సు కదపకుండా, ఒక స్కేలును ఫొటో తీసి పెట్టుకోండి. పోలిస్టిస్ ఒలివేసియస్ అనే పసుపు రంగు పెద్ద జాతికి, చిన్న రోపాలిడియాలకు మధ్య తేడా ఈ కొలతతోనే సగం తేలిపోతుంది. తేదీ, సమయం, నేల నుంచి ఎత్తు, ఏ చెట్టు లేదా ఏ గోడ, ఎన్ని కందిరీగలు, సుమారు ఎన్ని గదులు అని రాయండి. ఐనాచురలిస్ట్‌లోనో ఇండియా బయోడైవర్సిటీ పోర్టల్‌లోనో, అంటే జీవుల ఫొటోలు నమోదు చేసే వెబ్‌సైట్లలో, పెట్టేటప్పుడు ఈ ఐదు ఫొటోలను ఒకే నమోదు కింద పెట్టండి, విడివిడిగా పెట్టకండి. జాతి పేరు నిశ్చయంగా తేలకపోతే రోపాలిడియా అని ప్రజాతి దగ్గర ఆపండి. అది తక్కువ పని కాదు. ఈ ప్రజాతిలో చాలా జాతులను సూక్ష్మదర్శిని కింద పెంకు మీది గుంటలు చూసి గాని విడదీయలేరు. ఊహించి రాసిన జాతి పేరు, ఆ తరువాత వచ్చేవారందరినీ దారి తప్పిస్తుంది.

గూడు జనావాసంలో ఉంటే ఖచ్చితమైన చోటును అందరికీ కనిపించేలా పెట్టకండి. గూడు ఉందని తెలియగానే రాత్రికి రాత్రే కాగడా పెట్టి కాల్చేవారు ప్రతి ఊళ్లో ఉన్నారు. తలకు తగిలే చోట, పిల్లలు ఆడుకునే చోట ఉన్న గూటిని తీసివేయవలసి రావచ్చు, దానిని నేను కాదనను. చేను గట్టున, పెరటి మూలన, ఎవరి దారికీ అడ్డం లేని గూటిని కాల్చితే మాత్రం, కూరగాయల మొక్కల మీది గొంగళి పురుగులను పొద్దస్తమానం ఏరుకుపోయే కూలీలను కాల్చినట్టే. ఆ సంగతి ఆ ఇంటివారికి మీరు ఫొటో చూపించి చెప్పండి. గొంగళి పురుగును నమిలి ఉండ చేస్తున్న కందిరీగ ఫొటో ఒకటి దగ్గర ఉంచుకోండి, చాలామంది దానిని చూసి ఆగుతారు.

ఇప్పుడు దీపాలు కాస్త తగ్గించమని కోరుతున్నాను. తెర మీద ఆరు చిత్రాలు వరుసగా వస్తాయి, అన్నింటిలోనూ రంగు తీసివేసి నలుపు తెలుపుగా ఉంచాను. ప్రతి చిత్రానికీ మీ కాగితం మీద మూడు మాటలు రాయండి. రెక్క మడత ఉందా లేదా, నడుము గీత నునుపా నొక్కా, పోలిస్టిసా రోపాలిడియానా లేక రెండూ కాదా. తొందర లేదు, ఒక్కో చిత్రాన్ని ఒక నిమిషం ఉంచుతాను.